ఫోన్లో ఊరికే వచ్చే పాటకి టికెట్టెందుకు అన్న పెద్దాయనకి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల కాలమ్‌లో ఒక పెద్దాయన రాశారు, ఇప్పటి పిలకాయలు కాన్సర్ట్ కాన్సర్ట్ అని హైదరాబాదుకీ చెన్నైకీ బెంగుళూరుకీ బస్సులెక్కి పోతున్నారు, ఫోన్లో ఊరికే వచ్చే పాటకి వేలకి వేలు తగలేస్తున్నారు, పెద్దోళ్లు ముకుతాడు వెయ్యాలి అని. టీ తాగతా రెండుసార్లు చదివాను. నాకు 54 ఏళ్లు, పిలకాయని కాదు, ఒంగోలు పక్కన చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాస్తా. నేను కూడా అట్టా తగలేసినవాణ్ణే, అదీ హైదరాబాదులో కాదు న్యూయార్కులో, అందుకని ఉండబట్టలేక రాస్తున్నా. కొంచెం పొడుగైద్ది. మీకు కుదిరినంత వేసుకోండి గానీ చివర్లో కరవది ఊరి గురించి రాసిన ముక్క మాత్రం కత్తిరించొద్దు.

2020 ఏప్రిల్‌తో మొదలుపెట్టాలి. ఫ్యాక్టరీలో మిషన్లు ఆగిపోయినాయి, క్వారీల వైపు అలికిడి లేదు, మావాడేమో న్యూజెర్సీలో ఎమ్మెస్ చదవతా రూములో ఒక్కడే ఇరుక్కుపోయాడు. టీవీలో న్యూయార్క్ వార్తలు చూసి మా ఆవిడ రోజుకి ఆరుసార్లు వీడియో కాల్ చేసేది, వాడు విసుక్కునేవాడు. ఒక బుధవారం పొద్దున్నే నేను చేస్తే "నాన్నా మాట్లాడబాక, ఫిష్ వచ్చింది, చూడు" అన్నాడు. చేపల కూరేదో వండుకున్నాడు పాపం అనుకున్నా. వాడు ఫోన్ని లాప్‌టాప్ వైపు తిప్పాడు. నలుగురు మొగోళ్లు వాయిస్తున్నారు, తలో యాభై ఏళ్లు ఉంటాయి, డ్రమ్స్ కొట్టే ఆయన ఆడోళ్ల గౌను లాంటిది తొడుక్కుని ఉన్నాడు, దాని మీద ఎర్రటి గుండ్రాలు. ఇదీ నేను మొదట చూసింది.

ఫిష్ అనేది బ్యాండ్ పేరు, ఇంగ్లీషులో ఎఫ్ బదులు పీ హెచ్ పెట్టి రాస్తారు. లాక్‌డౌన్ మొదలైన కొత్తల్లోనే వాళ్లు ప్రతి మంగళవారం రాత్రి తమ పాత కచేరీ ఒకటి మొత్తానికి మొత్తం ఫ్రీగా నెట్‌లో చూపించడం మొదలుపెట్టారు, దాంతోపాటు ఆ వారం ఒక వంటకం ఎట్టా చేసుకోవాలో కూడా రాసి పెట్టేవాళ్లు, ఎవరిళ్లల్లో వాళ్లు అదే వండుకుని తింటా చూడాలని. వాళ్ల మంగళవారం రాత్రి మనకి బుధవారం తెల్లారి. మావాడు అక్కడ ప్లేటు ఒళ్లో పెట్టుకుని, నేను ఇక్కడ కాఫీ గ్లాసు పట్టుకుని, ఇద్దరం మాట్లాడుకునేది లేదు. బిడ్డ కళ్ల ముందుంటే చాలని కూర్చున్నా తప్ప పాట కోసం కాదు, అబద్ధం ఎందుకు.

మొదటి రెండు వారాలు నాకు తలనొప్పే. పాట మొదలైద్ది, రెండు నిమిషాలు పాడతారు, ఆ తర్వాత పాడటం మానేసి వాయించుకుంటా పోతారు, పోతారు, పోతానే ఉంటారు. మా ఆవిడ పెసరట్టు పిండి రుబ్బి వచ్చి "ఇంకా అదే పాటా" అనేది, నాలుగు అట్లు పోసి వచ్చి మళ్లీ చూసి "అదేనా ఇంకా, వాళ్లకి ఆపడం చెప్పేవాళ్లు లేరా" అనేది. నాకూ అట్టాగే అనిపించేది. మూడో వారమో నాలుగో వారమో గుర్తులేదు, గిటార్ ఆయన ఒక చిన్న ముక్క పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి వాయిస్తున్నాడు, పియానో ఆయన కాసేపు గమ్మునున్నాడు, తర్వాత అదే ముక్కని కొంచెం వంకర చేసి తిరిగిచ్చాడు, గిటార్ ఆయన అది విని తలకాయ పక్కకి తిప్పి నవ్వాడు, నవ్వి ఇంకోరకంగా అందుకున్నాడు, ఇంతలో కింద డ్రమ్స్ నడక మారిపోయింది, ఎప్పుడు మారిందో తెలియలా. నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే ఇది నేను ఇంతకుముందు చూశా. ఆ తల తిప్పి నవ్వుకోవడంతో సహా చూశా. మా ఊరి గుళ్లో సన్నాయి ఆయనా డోలు ఆయనా చేస్తుంటే అరుగు మీద కూర్చుని చూశా, 1980 ప్రాంతంలో, నిక్కరేసుకుని.

దీన్ని అక్కడ జామ్ అంటారు, ఇట్టా వాయించేవాళ్లని జామ్ బ్యాండ్ అంటారు. బ్రెడ్డు మీద పూసుకునే జామ్ కాదు, అద్దంకి బస్టాండు దగ్గర అయ్యే జామ్ కూడా కాదు, నలుగురూ ముందుగా ఏమీ అనుకోకుండా ఒకళ్లదొకళ్లు వింటా వాయించుకుంటా పోవడం. ఈ పద్ధతికి పెద్దదిక్కు గ్రేట్‌ఫుల్ డెడ్ అనే కాలిఫోర్నియా బ్యాండ్, 1965లో మొదలైంది, వాళ్ల గిటార్ ఆయన జెర్రీ గార్సియా 1995లో పోయేదాకా ముప్పై ఏళ్లలో రెండు వేల మూడొందల దాకా కచేరీలు చేశారు. ఫిష్ వాళ్లు ఆ దారిలో వచ్చినవాళ్లే, 1983లో అమెరికాలోని వెర్మాంట్ యూనివర్సిటీలో చదువుకునే కుర్రోళ్లు పెట్టుకున్నారు. ట్రే అనస్టాసియో గిటారు, మైక్ గోర్డన్ బేసు గిటారు, జాన్ ఫిష్‌మన్ డ్రమ్స్ (గౌను ఆయన ఈయనే, ఒక్కోసారి దుమ్ము లాగే వాక్యూమ్ క్లీనర్ని నోటి దగ్గర పెట్టుకుని కూడా వాయిస్తాడు, అది మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలా), 1985లో పేజ్ మెకానెల్ వచ్చి పియానో దగ్గర కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు ఆపేసి మళ్లీ కలిశారు, పొలం గట్టు తగాదాలో మాటలు మానేసిన అన్నదమ్ములు పెళ్లిలో కలిసినట్టు. ఇప్పటికీ ఆ నలుగురే.

వాళ్లు కుర్రతనంలో ప్రాక్టీసులో ఒక కసరత్తు చేసేవాళ్లంట. ఒకళ్లు ఒక ముక్క ఎత్తుకుంటారు, మిగతా ముగ్గురూ విని దాంట్లో కలవాలి, మిగతావాళ్లంతా కలిశారని చెవికి తెలిసినప్పుడు "హే" అనాలి. వాయించడానికి కాదు ఈ ప్రాక్టీసు, వినడానికి. మా ఆఫీసు మీటింగుల్లో కూడా ఇది పెడితే బాగుంటదని చాలాసార్లు అనుకున్నా.

నన్ను పూర్తిగా పడేసింది మాత్రం టేపుల సంగతి. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు జనం కచేరీకి టేపురికార్డర్లు తెచ్చుకుని రికార్డు చేసుకుంటే వద్దనేవాళ్లు కాదు, 1984 నుంచి అయితే రికార్డు చేసుకునేవాళ్లకని వేరే చోటే ఇచ్చారు, అమ్ముకోకూడదు, ఒకళ్లకొకళ్లు కాపీలు చేసి ఇచ్చుకోవాలి, అంతే షరతు. ఫిష్ వాళ్లూ అదే పాటించారు. ఒక ఊళ్లో ఉండేవాడు ఇంకో ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాడికి ఖాళీ క్యాసెట్లూ పోస్టేజీ పంపితే అతను ఎక్కించి తిరిగి పంపేవాడు. ఇది చదివినప్పుడు నాకు ట్రంకురోడ్డు సందులో ఉండే రికార్డింగ్ సెంటరు గుర్తొచ్చింది, తెల్ల కాయితం మీద పాటల లిస్టు రాసిచ్చి ఖాళీ క్యాసెట్ ఇస్తే మూడు రోజుల తర్వాత రమ్మనేవాడు. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా నాయన మద్రాసు బర్మా బజారులో ఒక నేషనల్ టేపురికార్డరు కొన్నాడు, ఉత్సవాలప్పుడు దాన్ని భుజానేసుకుని గుడికి పోయి సరిగ్గా డోలు ఆయన ముందు పెట్టేవాడు. తెలివితక్కువ పని, క్యాసెట్ అంతా డోలే, సన్నాయి యాడో పక్కూళ్లో వాయిస్తున్నట్టు వినపడేది. మధ్యలో మా అమ్మ గొంతు, "పిలకాయలకి నిద్రొస్తాంది, పోదాం పదయ్యా" అని. 1988లో మా తమ్ముడు దాని మీద సినిమా పాటలు ఎక్కించాడు. అప్పుడు వాణ్ణి ఏమీ అనలేదు. అమ్మ పోయాక అన్నా.

సరే. లాక్‌డౌన్ అయిపోయింది, ఫ్యాక్టరీ తెరిచారు, నా పాట బస్సులోకి వచ్చింది. 2013 జూలై 31న టాహో అనే సరస్సు పక్కన వీళ్లు ఒక్క పాటని 36 నిమిషాల పైన వాయించారు, ఆ బ్యాండ్ అభిమానుల్లో అది తెలియనివాళ్లు ఉండరు. ఒంగోల్లో బస్సెక్కి చెవుల్లో పెట్టుకుంటే పేర్నమిట్ట దగ్గరికొచ్చేసరికి మాటలు అయిపోతాయి, సంతనూతలపాడు దాటేసరికి పాట యాడికో పోయి ఉంటది, అసలు మొదలుపెట్టిన పాట ఇదేనా అనిపిస్తది, చీమకుర్తి క్వారీల మట్టిగుట్టలు కనపడే టైముకి జనం అరుపులు. కర్నూలు రోడ్డు గుంతలకీ ఆ డ్రమ్స్‌కీ ఒక్కోసారి లెక్క కలిసేది కూడా. కండక్టరు రెండుసార్లు అడిగాడు ఏందన్నా నీలో నువ్వే నవ్వుకుంటున్నావని.

2023 జూలైలో మేమిద్దరం మావాడి దగ్గరికి పోయాం. వాడికి ఉద్యోగం వచ్చింది, జెర్సీ సిటీలో ఉంటాడు. ఆ జూలై ఆఖర్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఫిష్ వాళ్లు న్యూయార్కులో మేడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే చోట ఏడు రాత్రులు వాయించారు. గార్డెన్ అంటే తోటేమీ లేదు, పెన్ స్టేషన్ అనే రైల్వేస్టేషన్ నెత్తిన కట్టిన గుండ్రటి హాలు, ఇరవై వేల మంది దాకా పడతారు. మావాడు శుక్రవారానికీ శనివారానికీ టికెట్లు తీశాడు. ఒక్కోటి మన లెక్కలో ఎంతో విని మా ఆవిడ ఆ డబ్బులతో ఊళ్లో ఏమేం వచ్చిద్దో వరసగా చెప్పింది, ట్రైన్ దిగేదాకా చెప్పతానే ఉంది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు లేదు.

లోపలికి పోయినాక మొదట తగిలింది వాసన. ఆ సంగతి దాచి రాస్తే బాగోదు, గంజాయి పొగ, అక్కడ న్యూయార్కులో అది నేరం కాదంట, మా ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. రెండోది, చుట్టూ ఉన్నవాళ్లు. నేను కుర్రోళ్లే ఉంటారనుకున్నా, సగం మంది నా వయసువాళ్లు, కొందరు నాకంటే పెద్ద, బట్టతలలు, మోకాళ్లకి పట్టీలు. మా పక్క సీట్లో ఒకాయన చిన్న నోటుబుక్కు తీసి తేదీ రాసుకుంటున్నాడు. పాట మొదలైన ప్రతిసారీ దాని పేరు రాసుకుంటాడు. నాతో మాట కలిపి ఇది తనకి నూట పద్దెనిమిదో షో అన్నాడు, మీకెన్నోది అన్నాడు, మొదటిది అన్నా. ఆయన లేచి నిలబడి ముందు వరసకీ వెనక వరసకీ ఈయనకి ఇదే మొదటిదంట అని చెప్పాడు, ముక్కూ మొహం తెలియని పది మంది నా చెయ్యి పట్టుకుని ఊపారు. యాడ్నుంచి వచ్చారు అని అడిగితే ఒంగోలు అంటే ఏం తెలుస్తది, మీ వంటింటి గట్టు మీద నల్ల రాయిలో బంగారు చుక్కలుంటాయే, బ్లాక్ గెలాక్సీ, అది మా ఊరి పక్కన తవ్విందే అని చెప్పమన్నా మావాడితో. ఆయనింట్లో ఉందంట! ఫోన్లో ఫోటో చూపించాడు. నేను చూసి మావాడితో చెప్పా, పాలిష్ బాగానే పట్టారు అని.

లైట్లు ఆరినాయి. ఆ అరుపు నేను వర్ణించలేను. మొదటి పాటకే కాళ్ల కింద నేల ఊగింది, నిజంగానే ఊగింది, ఒంగోలోళ్లకి ఇది కొత్తేమీ కాదు, 1967 భూకంపం సంగతి మా నాయన కథలు కథలుగా చెప్పేవాడు, అయినా భయమేసి మావాడి భుజం పట్టుకున్నా. ఆ హాలు కట్టడమే అట్టాంటిదంట, జనం ఎగిరితే ఊగిద్ది. మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని లైట్లు చూస్తా కూర్చుంది. ఆ లైట్ల ఆయన పేరు క్రిస్ కురోడా, 1989 నుంచీ వాళ్లతోనే ఉన్నాడు, వాళ్లు అప్పటికప్పుడు వాయించేదానికి ఈయన అప్పటికప్పుడు లైట్లు వేస్తాడు, ముందే అనుకున్న లెక్క ఉండదు, అందుకని జనం ఆయన్ని ఐదో మనిషి అంటారు. మా ఆవిడకి నచ్చింది ఆయనొక్కడే.

విరామం తర్వాత రెండో సెట్లో ఒక పాట మధ్యలో అంతా సన్నగిల్లిపోయింది, గిటారు ఒక్కటే ఉంది, అదీ ఒకే స్వరం పట్టుకుని అట్టాగే లాగతా ఉన్నాడు. అంత మంది జనం, చప్పుడు లేదు. పక్కాయన నోటుబుక్కు మూసి కళ్లు మూసుకున్నాడు. పియానో వచ్చి కింద చెయ్యి పెట్టినట్టు పెట్టింది, బేసు వచ్చింది, ఎవరు తోసుకుపోతున్నారో తెలియకుండా అది మెల్లగా పైకి పోవడం మొదలైంది, పోయి పోయి పోయి ఇంక పైన చోటు లేదనుకున్నాక ఇంకా పోయింది. నాకు ఏడుపొచ్చింది. మావాడు చూశాడు, ఏమీ అనలేదు, నాలుగేళ్ల కింద లాప్‌టాప్‌లో తోడు కూర్చున్నట్టే కూర్చున్నాడు. నాలుగు కాదులెండి, మూడు. లెక్కలు రాసేవాణ్ణి, అక్కడ కూడా తప్పు రాశా.

శనివారం మా ఆవిడ రానంది, నేనూ మావాడే పోయాం. శుక్రవారం పాడిన పాట ఒక్కటి కూడా శనివారం లేదు. ఇది వాళ్లకి మామూలే, 2017లో ఇదే హాల్లో పదమూడు రాత్రులు వాయించి 237 పాటలు పాడారు, తిరిగి పాడింది ఒక్కటీ లేదు. 1999 డిసెంబరు 31న ఫ్లోరిడాలో అర్ధరాత్రి ఎక్కి తెల్లారి సూర్యుడు వచ్చేదాకా స్టేజీ దిగలేదు, ఏడున్నర గంటలు. అమెరికావాళ్లు చేస్తే వింతగా చెప్పుకుంటున్నా గానీ మన శివరాత్రి జాగరణకి పద్యనాటకం పెడితే ఇదే కదా. జనం తెల్లారేదాకా గోనెపట్టాల మీద కూర్చుని "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. అరిస్తే నటుడు అదే పద్యం మళ్లీ ఎత్తుకునేవాడు, అదే పద్యమే, రాగం మాత్రం ఈసారి ఇంకో సందులోంచి తీసుకుపోయేవాడు, హార్మోనియం ఆయన వెనకాల పడి పరిగెత్తేవాడు. అది వినడానికే కదా వన్స్ మోర్ అనేది. ఉత్తరం రాసినాయనకి నా జవాబు ఇదేనండీ. ఫోన్లో ఉన్నది ఆ పాట, నిజమే, నేను టికెట్ కొన్నది ఆ పాటకి కాదు, ఆ రాత్రి అది యాడికి పోయిద్దో చూడ్డానికి.

ఆయన మాటలో సగం ఒప్పుకుంటా. మన దగ్గర కాన్సర్ట్ పేరుతో జరిగేవి కొన్ని చూశా, వెనక రికార్డు ట్రాకు నడుస్తుంటది, పాడే ఆయన మైకు జనం వైపు పెట్టి మీరు పాడండి మీరు పాడండి అంటాడు, డ్రమ్స్ దగ్గర కుర్రాడు అలంకారానికి ఉంటాడు. వెనక నుంచున్నవాడికి స్టేజీ కూడా కనపడదు, ముందోళ్లు ఎత్తిపట్టుకున్న ఫోన్లలో చూసుకోవాలి. దానికి వేలు పెడితే ముకుతాడు వెయ్యాల్సిందే. కానీ పిలకాయలకి లైవ్ అంటే అదే అని నేర్పింది ఎవరు? పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా తీసేసి ట్రాకు పెట్టింది మనం. గుళ్లల్లో మేళం పక్కకి జరిపి డీజే బాక్సులు పెట్టింది మనం.

తిరిగొచ్చిన నెలకి జరిగింది ఇది. ఒక గుళ్లో ఉత్సవం, పేరెందుకులెండి. పల్లకి ముందు ఇద్దరు సన్నాయిలు, ఒక డోలు, అరవై దాటిన మనుషులు. వాళ్లల్లో పెద్ద సన్నాయి ఆయన రాగం ఎత్తుకుని ఐదు నిమిషాలైంది, ఇప్పుడిప్పుడే గొంతు విప్పుతున్నాడు, ఒక కమిటీ కుర్రాడు వచ్చి చెయ్యి ఊపాడు, చాలు చాలు అని. ట్రాక్టరు మీద బాక్సులు మొదలైనాయి. ఆయన సన్నాయికి మూతి దగ్గర పెట్టే పీక తీసి రుమాల్లో చుట్టుకున్నాడు, కోపమేమీ లేదు మొహంలో, అలవాటైపోయినట్టుంది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన వెనకాల టీ బంకు దాకా పోయా. ఇంకాసేపు వాయించి ఉంటే బాగుండేదండీ అన్నా. "యాడ వాయించమంటావు నాయనా" అన్నాడు.

ఇక్కడ కరవది ముక్క. ఒంగోలుకి పది పన్నెండు కిలోమీటర్లు, మన రైళ్లు రోజూ దాటిపోయే ఊరు. షేక్ చిన మౌలానా సాహెబ్ అక్కడ పుట్టారు, 1924లో. ఇక్కడ సన్నాయి పట్టి తర్వాత శ్రీరంగంలో స్థిరపడి తమిళనాడు నాదస్వరం వాళ్లే లేచి దణ్ణం పెట్టేటంత గొప్పగా వాయించారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, మర్సటేడు పోయారు. ఒక ముస్లిం ఇంటి బిడ్డ రంగనాథస్వామి ఊళ్లో ఉండి రాముడి మీద కీర్తన గంటలకొద్దీ విస్తరించి వాయించడం ఆ రోజుల్లో వింత కాదు, పని. అటు పడమటి వైపు కంభం దగ్గర కాకర్ల ఊరు త్యాగరాజు గారి పూర్వీకులది, ఆయన ఇంటిపేరే కాకర్ల. ఇట్టాంటి గడ్డ మీద పుట్టి నాకు పాటని పొడిగించి వాయించడం అనేదొకటి ఉందని వెర్మాంట్ నుంచి చెప్పించుకోవాల్సి వచ్చింది, దీనికి నవ్వాలో ఏం చెయ్యాలో తెలియట్లా. బస్సులో పోయేటప్పుడు ఇప్పుడు మౌలానా గారివి కూడా వింటున్నా. ఒక రాగం ఎత్తుకుంటే సంతనూతలపాడు దాకా కీర్తనలోకే రారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒంగోల్లో నెలకి ఒక సాయంత్రం, మున్సిపాలిటీ వాళ్ల హాలైనా ఏదన్నా బడి హాలైనా, సన్నాయైనా హార్మోనియమైనా గిటార్ పట్టుకునే ఇంజినీరింగ్ పిలకాయలైనా, ట్రాకు లేకుండా, టైము అయిపోయిందని చెయ్యి ఊపేవాళ్లు లేకుండా వాయించుకునే చోటు. రాత్రి పదింటికి మైకు ఆపాలనే రూలు ఉంది, 2000లో వచ్చింది, నాకు తెలుసు, అది మంచిదే. కానీ అదే రూల్లో తలుపులు మూసిన ఆడిటోరియంకి మినహాయింపు ఉంది, పండగలకి ఏడాదికి పదిహేను రోజులు మించకుండా పన్నెండు దాకా ప్రభుత్వం పర్మిషన్ ఇవ్వొచ్చు అని కూడా ఉంది. ఆ రోజులన్నీ డీజేలకే రాసిచ్చారా? సన్నాయికి అసలు మైకే అక్కర్లేదు కదా. మీ పేపరు వాళ్లకి ఒక్కటే విన్నపం, జిల్లా పేజీలో సినిమా టైమింగుల పక్కన రెండు లైన్లు, ఈ వారం ఏ గుళ్లో ఎవరు వాయిస్తున్నారు, పేరుతో సహా. మేళగాళ్ల పేరు పేపర్లో నేను ఇంతవరకూ చూడలా.

చోటు దొరికేదాకా ఉండలేక పోయిన నెల ఒక ఆదివారం ఆ సన్నాయి పెద్దాయన్నీ ఆయన మేళాన్నీ మా ఇంటికి పిలిచా. డాబా మీద పట్టాలు పరిచాం, మా ఆవిడ పులిహోరా బజ్జీలూ చేసింది, ఆవిడే అంది ఈ వంటకం కూడా రాసి పెట్టు నీ ఫిష్ వాళ్లలాగా అని. పద్నాలుగు మంది వచ్చారు, అందులో ముగ్గురు ఎదురింటి పిలకాయలు, బజ్జీల కోసం. టైము చెప్పకండి నాకు, మీ ఇష్టం అన్నా ఆయనతో. ఆయన నమ్మలా మొదట, పది నిమిషాలకోసారి నావైపు చూసేవాడు ఆపమంటానేమోనని. తర్వాత చూడ్డం మానేశాడు. రాగం ఏందండీ అని అడిగితే కల్యాణి అన్నాడు, నలభై నిమిషాలు తీసుకుపోయాడు దాన్ని, మధ్యలో డోలు ఆయన నడక మార్చినప్పుడు ఈయన తల పక్కకి తిప్పి నవ్వాడు. మావాడు అక్కడ నుంచి వీడియో కాల్లో ఉన్నాడు, వాడికి ఆదివారం పొద్దున.

నేను ఈసారి ఫోన్ని డోలు ముందు పెట్టలా, నీళ్ల ట్యాంకు పక్కన ఎత్తులో పెట్టా, రెండూ సమంగా వచ్చినాయి. గంటా ఇరవై నిమిషాలు. ఆయన్ని అడిగా, జనానికి ఇవ్వొచ్చా అని, ఇవ్వు నాయనా, అమ్మబాక అన్నాడు. ఎవరికన్నా కావాలంటే పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, సాయంత్రం ఆరు తర్వాత ఎక్కించి ఇస్తా. మీ కాలమ్‌లో ఉత్తరం రాసిన పెద్దాయనకైతే నేనే ఇంటికి తెచ్చిస్తా. నలభై ఎనిమిదో నిమిషం దగ్గర మా ఆవిడ గొంతు ఉంటది, పిలకాయలు దిగిపోతున్నారు బజ్జీలు కట్టివ్వండి అని. అది తీసెయ్యలా.

ఇట్లు,
గ్రానైట్ లెక్కల గుమస్తా,
ఒంగోలు.